డెరివేటివ్‌ని సున్నా చేసేముందు

వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెప్తాను. బోర్డు సరిగ్గా కనిపించకపోయినా కంగారు పడొద్దు, ఇవాళ రాసేది తక్కువే.

ఇక్కడ ఎక్కువమంది ఇంటర్ పిల్లలే. వాళ్ళని తీసుకొచ్చిన అమ్మానాన్నలు కొందరు, ఇద్దరు ముగ్గురు లెక్కల మాస్టార్లు కూడా కనిపిస్తున్నారు. ఒక మాట అడుగుతాను. ఒక ఫంక్షన్, అంటే ఎక్స్ మారితే విలువ మారే ఒక సూత్రం, రాసి ఇచ్చి, దీని మాక్సిమమ్, అంటే అన్నిటికన్నా పెద్ద విలువ, కనుక్కోండి అంటే ఎంతమంది చేస్తారు? దాదాపు అందరూ చేతులెత్తారు, సంతోషం. సరే, ఫంక్షన్ ఇవ్వకుండా నాలుగు వాక్యాల్లో ఒక సంగతి చెప్పి, ఇందులో ఏది ఎంత ఉంటే మంచిదో తేల్చండి అంటే? చూడండి, సగం చేతులు దిగిపోయాయి. ఇవాళ నేను మాట్లాడేది ఆ దిగిపోయిన చేతుల గురించే.

విజయవాడలో, గుంటూరులో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాక నాకు గట్టిగా అనిపించేది ఇదీ. డెరివేటివ్ తీయడం, అంటే ఎక్స్ మారుతుంటే ఫంక్షన్ ఎంత వేగంగా మారుతుందో లెక్కగట్టడం, దాన్ని సున్నాకి సమానం చేయడం, ఈ రెండూ ఈ లెక్కల్లో తేలికైన పనులు. అసలు కష్టం అంతకుముందు ఒకటి, ఆ తర్వాత ఒకటి ఉన్నాయి. ముందుది, మాటల్లో ఉన్న సంగతిని ఒక్క చరరాశిలోకి తీసుకురావడం. తర్వాతది, వచ్చిన ఎక్స్ విలువని పట్టుకుని మళ్ళీ మాటల్లోకి వెళ్ళి, ఇది నిజంగా కుదురుతుందా అని చూడటం. మనం పిల్లల చేత మధ్యలో పని వందసార్లు చేయిస్తున్నాం, ఈ రెండు చివర్లూ వదిలేస్తున్నాం.

అందరికీ తెలిసిన లెక్కతోనే మొదలుపెడదాం. 30 సెంటీమీటర్ల చదరపు అట్ట ఉంది. నాలుగు మూలల్లో సమానంగా చిన్న చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి, మూత లేని పెట్టె చేయాలి. ఎంత కత్తిరిస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది? నేను ఈ లెక్క చెప్పేముందు క్లాసులో నిజంగా అట్టలు పంచుతాను. స్వీటు షాపు పెట్టెల అట్టైతే బాగా మడత పడుతుంది. ఒకడు 2 సెంటీమీటర్లు కత్తిరిస్తాడు, వాడిది పళ్ళెంలా వస్తుంది. ఇంకొకడు 12 కత్తిరిస్తాడు, అది నిలబెట్టిన గొట్టంలా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏదో మధ్యలో మంచి చోటు ఉండాలని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అది తెలిశాకే పెన్ను పట్టుకోవాలి.

కత్తిరించే చదరం భుజం ఎక్స్ అనుకుంటే, పెట్టె ఎత్తు ఎక్స్, అడుగు భుజం 30 మైనస్ 2 ఎక్స్. పరిమాణం, ఎక్స్ ఇంటూ 30 మైనస్ 2 ఎక్స్ హోల్ స్క్వేర్. డెరివేటివ్ తీసి కలిపితే 30 మైనస్ 2 ఎక్స్ ఇంటూ 30 మైనస్ 6 ఎక్స్ వస్తుంది. సున్నా అయ్యేది ఎక్స్ 15 అయినప్పుడు, 5 అయినప్పుడు. 15 అంటే అట్ట మొత్తం కత్తిరించేశాం, పెట్టే లేదు. కాబట్టి 5. ఎత్తు 5, అడుగు 20 బై 20, పరిమాణం 2000 ఘనపు సెంటీమీటర్లు, అంటే సరిగ్గా రెండు లీటర్లు.

చాలామంది ఇక్కడ ఆన్సర్ కింద గీత గీసేసి వెళ్ళిపోతారు. ఇంకొక్క నిమిషం ఉండండి. 5 బదులు 4 కత్తిరిస్తే? 4 ఇంటూ 22 ఇంటూ 22, 1936. 6 కత్తిరిస్తే 6 ఇంటూ 18 ఇంటూ 18, 1944. అంటే సెంటీమీటరు తేడా పడ్డా పోయింది దాదాపు మూడు శాతమే. అదే 1 నుంచి 2 కి వెళ్ళినప్పుడు చూడండి, 784 ఉన్నది 1352 అయిపోతుంది. శిఖరం దగ్గర నేల చదునుగా ఉంటుంది. కాస్త అటు జరిగినా ఇటు జరిగినా పెద్దగా తేడా రాదు, డెరివేటివ్ సున్నా అనే మాటకి అర్థం అదే. సూత్రం కన్నా ముందు ఈ చదును చేతికి తగలాలి.

ఈ చదునుని గమనించి రాసిన మనిషి కెప్లర్, గ్రహాల కక్ష్యల కెప్లరే. 1613 లో, ఆస్ట్రియాలో లింజ్ అనే ఊళ్ళో ఉంటున్నప్పుడు, ఆయన రెండో పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికి పీపాలతో వైన్ కొన్నారు. అమ్మేవాడు పీపా నడుమున ఉన్న కన్నంలోంచి ఒక కడ్డీని ఏటవాలుగా అడుగు అంచుకి తగిలేదాకా దించి, కడ్డీ ఎంత తడిసిందో చూసి ధర కట్టాడు. సన్న పీపాకీ లావు పీపాకీ ఒకే కడ్డీ కొలత రావచ్చు కదా, మరి ధర ఒకటే ఎలా అవుతుందని కెప్లర్‌కి అనుమానం వచ్చింది. ఆ అనుమానంతో కూర్చుని 1615 లో ఒక పుస్తకమే రాశాడు. పీపాని సిలిండర్ అనుకుంటే, అదే కడ్డీ కొలతకి ఎక్కువ వైన్ పట్టేది పొడవు వ్యాసానికి రూట్ 2 రెట్లు ఉన్నప్పుడు. ఆస్ట్రియా పీపాలు దాదాపు ఆ ఆకారంలోనే ఉన్నాయి. చేసేవాళ్ళ చేతిలో కొలత కొంచెం అటూ ఇటూ అయినా, శిఖరం దగ్గర చదును కాబట్టి, కొనేవాడికి పెద్ద నష్టం లేదని తేల్చాడు. అప్పటికి న్యూటన్ పుట్టనే లేదు. లైబ్‌నిజ్ కాలిక్యులస్ మీద, అంటే ఈ డెరివేటివ్‌ల గణితం మీద, మొదటి వ్యాసం అచ్చు వేసింది 1684 లో, దాని పేరులోనే మాక్సిమా మినిమా ఉన్నాయి. అంటే ఇది చాప్టరు చివర తగిలించిన అప్లికేషన్ కాదు, కాలిక్యులస్ పుట్టడానికి ఒక ముఖ్య కారణమే ఈ ప్రశ్న.

ఇప్పుడు నా క్లాసులో జరిగినది చెప్తాను, ఇది నాకు చాలా ముఖ్యమైనది.

ఇరవై ఏళ్ళు దాటింది. అప్పుడు గుంటూరులో ఒక కాలేజీలో చెప్పేవాణ్ణి. ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణలో పడవ ఉందనుకోండి అని మొదలుపెట్టాను. గేట్లు దించి ఉన్న రోజుల్లో అక్కడ నీళ్ళు దాదాపు నిలిచినట్టే ఉంటాయి కాబట్టి ప్రవాహం లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. పడవ ఒడ్డుకి 600 మీటర్ల దూరంలో ఉంది. దానికి సూటిగా ఆ ఒడ్డు మీద ఉన్న చోటు నుంచి, ఒడ్డు వెంబడే పక్కకి 800 మీటర్ల దూరంలో పడవాయన ఇల్లు. తెడ్డు వేస్తే గంటకి 3 కిలోమీటర్లు వెళ్తాడు, నడిస్తే 5. ఎక్కడ ఒడ్డు ఎక్కితే తొందరగా ఇల్లు చేరతాడు?

సూటి ఒడ్డు నుంచి ఎక్స్ దూరంలో దిగాడనుకుంటే, నీటి మీద దూరం పైథాగరస్ ఇస్తుంది, దాన్ని 3 తో భాగించాలి, మిగిలిన నడకని 5 తో భాగించాలి, రెండూ కలిపితే మొత్తం సమయం. డెరివేటివ్‌ని సున్నా చేస్తే, ఎక్స్ బై ఏటవాలు దూరం ఈక్వల్ టు 3 బై 5 అని వస్తుంది. మూడు నాలుగు అయిదు త్రిభుజం. ఎక్స్ 450 మీటర్లు, నీటి మీద 750. నీళ్ళలో 15 నిమిషాలు, నడక 350 మీటర్లకి 4.2 నిమిషాలు, మొత్తం 19.2. నేరుగా ఇంటి దగ్గరికే తెడ్డు వేసుకుంటూ వస్తే 20 నిమిషాలు, సూటిగా ఒడ్డెక్కి నడిస్తే 21.6. బాగుంది కదా, చాలా అందమైన లెక్క.

మర్నాడు ప్రాక్టీస్ కోసమని అదే లెక్కలో 800 తీసేసి 300 పెట్టాను. అందరూ గబగబా చేశారు, అందరికీ 450 వచ్చింది. నేను కూడా బోర్డు మీద 450 రాశాను. మీరే చూడండి, ఆ 3 బై 5 సమీకరణంలో ఇంటి దూరం అసలు ఎక్కడా లేదు. 800 అయినా 300 అయినా అది 450 అనే అంటుంది. అప్పుడు మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఇల్లు 300 మీటర్ల దగ్గరే ఉంది కదా, ఇల్లు దాటి పోయి దిగి మళ్ళీ వెనక్కి నడుస్తాడా?" అని అడిగింది. వాళ్ళ నాన్నగారు సీతానగరం వైపు పడవ వేసేవారని తర్వాత తెలిసింది.

నాకు నోట మాట రాలేదు. క్లాసులో అరవై మంది ఉన్నారు, నేనున్నాను, డెరివేటివ్ అందరికీ వచ్చు. ఇంటికి వెళ్ళే మనిషిని ఊహించుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే. ఆ రాత్రి కూర్చుని మళ్ళీ చేశాను. ఆ ఫార్ములాలో 450 పెడితే నడక 300 మైనస్ 450, మైనస్ 150 మీటర్లు అవుతుంది, అంటే మైనస్ 1.8 నిమిషాలు. మొత్తం 13.2 నిమిషాలే అని చూపిస్తుంది. వెనక్కి నడిచినందుకు మనకి టైము తిరిగి ఇచ్చేస్తోందన్నమాట! నిజానికి ఆయనకి పట్టేది 16.8 నిమిషాలు. ఎక్స్ తిరగగలిగేది సున్నా నుంచి 300 దాకానే. ఆ హద్దుల లోపల డెరివేటివ్ ఎక్కడా సున్నా కాదు, సమయం తగ్గుతూనే ఉంటుంది, కాబట్టి చివరి బిందువే సమాధానం. నేరుగా ఇంటి దగ్గరికే తెడ్డు వేసుకుని రావాలి, 13.4 నిమిషాలు.

ఆ రోజు నుంచి నా క్లాసులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫంక్షన్ రాసిన వెంటనే, డెరివేటివ్ తీయకముందే, ఎక్స్ ఎంత నుంచి ఎంత దాకా అని పక్కన రాయాలి. రాయనివాళ్ళ పేపరు నేను దిద్దను. కొంతమంది తల్లిదండ్రులు వచ్చి, ఎంట్రన్సులో ఆప్షన్ పెట్టడమే కదా సార్, టైము వేస్టు అన్నారు. వాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆప్షన్లలో 450 కచ్చితంగా ఉంటుందమ్మా, పేపరు తయారుచేసేవాళ్ళు అది అక్కడ పెట్టేదే మీ అబ్బాయి కోసం.

పనిలో పనిగా ఇంకో మాట. ఫెర్మా అనే ఫ్రెంచి ఆయన 1662 లో, వెలుతురు కూడా ఈ పడవవాడిలాగే తక్కువ సమయం పట్టే దారిలో వెళ్తుందని పెట్టుకుని, గాలిలోంచి నీళ్ళలోకి దిగేటప్పుడు కిరణం ఎందుకు వంగుతుందో ఇదే రకం లెక్కతో చూపించాడు. ఫిజిక్సులో మీరు చదివే స్నెల్ నియమం అదే.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. లీటరు పట్టే రేకు డబ్బా, గుండ్రంది, పైనా కిందా మూతలు. రేకు తక్కువ పట్టాలంటే ఏ ఆకారం? వ్యాసార్థం ఆర్ అనుకుంటే రెండు మూతలకి 2 పై ఆర్ స్క్వేర్, చుట్టూ రేకుకి 2000 బై ఆర్. కూడి డెరివేటివ్ తీసి సున్నా చేస్తే, ఎత్తు సరిగ్గా వ్యాసంతో సమానం. ఆర్ 5.42 సెంటీమీటర్లు, ఎత్తు 10.84. ప్రతి గైడులోనూ ఉన్న ఆన్సరే.

మరి ఇంటికెళ్ళి డబ్బాలు కొలిస్తే? నేను టేపు పెట్టి కొలిచాను. మా ఇంట్లో నెయ్యి డబ్బా, పాలపొడి డబ్బా, రెండూ లావు కన్నా ఎత్తే ఎక్కువ ఉన్నాయి. కంపెనీవాళ్ళకి లెక్కలు రావా? వచ్చు, మనమే ఒకటి మర్చిపోయాం. గుండ్రటి మూతలు రేకులోంచి కత్తిరించేటప్పుడు మూలలు వృథా అవుతాయి. ఒక్కో మూతకీ ఒక చదరం ముక్క ఖర్చవుతుందనుకుంటే, మూతల ఖర్చు 2 పై ఆర్ స్క్వేర్ కాదు, 8 ఆర్ స్క్వేర్. ఆ ఒక్క పదం మార్చి మళ్ళీ చేయండి. ఆర్ క్యూబ్ 125, ఆర్ సరిగ్గా 5. ఎత్తు 12.7. డబ్బా పొడుగైంది! అతుకుల ఖర్చు, చేత్తో పట్టుకునే వీలు, అట్టపెట్టెలో సర్దుబాటు, ఇవన్నీ కలిస్తే ఇంకా మారుతుంది. డెరివేటివ్‌ది తప్పేమీ లేదు, మనం ఏది అడిగితే అది దానికే సమాధానం చెప్తుంది. తప్పు ప్రశ్న అడిగితే దానికి కూడా కచ్చితమైన సమాధానం ఇస్తుంది, అదే భయం.

ఈ విజయవాడ లెక్క ఒకటి చెప్పకుండా ఎలా? ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, రోజూ వీటి మీద వంతెనలు దాటుతూనే ఉంటారు. 1855 లో పూర్తయిన పాత ఆనకట్ట, ఆ తర్వాత 1957 లో వచ్చిన బ్యారేజీ, ఈ కాలువలకి నీళ్ళు మళ్ళించడానికే. కాలువలో నీటిని పట్టి ఆపేది అడుగూ, గట్టులూ. తడిసిన చుట్టుకొలత ఎంత తక్కువుంటే రాపిడి అంత తక్కువ, నీళ్ళు అంత జోరుగా పోతాయి. నిలువు గోడల కాలువ అనుకోండి, నీటి అడ్డుకోత వైశాల్యం 8 చదరపు మీటర్లు. లోతు వై అయితే వెడల్పు 8 బై వై, తడిసేది 8 బై వై ప్లస్ 2 వై. లోతు 1 అయితే 10 మీటర్లు తడుస్తుంది, లోతు 4 అయినా 10 మీటర్లే. సున్నా చేస్తే లోతు 2, వెడల్పు 4, తడిసేది 8. వెడల్పు లోతుకి రెట్టింపు ఉండాలన్నమాట. గోడలు వాలుగా పెట్టుకోవచ్చు అంటే ఇంకా బాగుంటుంది, షడ్భుజిని సగానికి కోసిన ఆకారం వస్తుంది, తడిసేది 7.44 మీటర్లే. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి ఇది కంఠతా వచ్చు.

మరి మన కాలువలు అలా ఉన్నాయా? లేవు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఎందుకంటే సగం షడ్భుజి అంటే గట్టు 60 డిగ్రీల వాలులో నిలబడాలి, తడి మట్టి అంత నిటారుగా నిలవదు, జారిపోతుంది. పైగా ఆ రోజుల్లో ఈ కాలువల్లో సరుకుల పడవలు తిరగాలి, ఎదురెదురుగా వచ్చే రెండు పడవలు తప్పుకోవాలి. అంటే హద్దులు ముందు మట్టి పెట్టింది, తర్వాత పడవ పెట్టింది, ఆ తర్వాతే లెక్క. పడవాయన ఇల్లు 300 మీటర్ల దగ్గర ఉండటం ఎలాంటిదో, ఇక్కడ మట్టి వాలు అలాంటిది.

ఇందాక టీ దగ్గర ఒక రైతు అడిగారు, మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఎన్నాళ్ళు ఉంచాలో మీ లెక్క చెప్తుందా మాస్టారూ అని. ధర రేపు ఎలా ఉంటుందో లెక్క చెప్పలేదండీ, అది ముందే చెప్తున్నాను. కానీ ధర ఇలా పెరగొచ్చని మీకు ఒక అంచనా ఉంటే, ఒక్క సంగతి మాత్రం చెప్తుంది. ఊరికే లెక్క కోసం, టి నెలలు ఆగితే క్వింటాలుకి 1200 టి మైనస్ 100 టి స్క్వేర్ ఎక్కువ వస్తుందనుకుందాం. అద్దె, వడ్డీ కలిపి నెలకి 400 అయితే, మిగిలేది 800 టి మైనస్ 100 టి స్క్వేర్, నాలుగో నెలలో అమ్మాలి. అదే ఖర్చు నెలనెలా కాకుండా సీజను మొత్తానికి ఒకే మొత్తమని మాట్లాడుకుంటే? స్థిరసంఖ్య డెరివేటివ్ సున్నా. అది ఎంతైనా అమ్మే నెల మారదు, ఆరో నెలే. ఒకసారి కట్టేసిన డబ్బు ఎప్పుడు అమ్మాలో నిర్ణయించదు, రోజురోజుకీ పెరిగే ఖర్చే నిర్ణయిస్తుంది. అయితే ఆ ఒకే మొత్తం 3600 దాటితే ఆరో నెలలో అమ్మినా నష్టమే. అప్పుడు సమాధానం టి సున్నా, యార్డుకి తెచ్చిన రోజే అమ్మేయాలి. మళ్ళీ చివరి బిందువే, గమనించారా?

అక్కడ చెయ్యెత్తిందెవరు? అడుగమ్మా. (సెకండ్ డెరివేటివ్ టెస్ట్ ఎప్పుడూ చేయాలా అని ఒక విద్యార్థిని అడిగింది.) మంచి ప్రశ్న. అడిగితే చెయ్యి, మార్కులు వదులుకోవద్దు. కానీ అది చెప్పేది ఆ చుట్టుపక్కల గురించే. ఆ బిందువు దగ్గర గుట్ట ఉందా, గుంట ఉందా అని చెప్తుంది, ఊరు మొత్తం మీద ఎత్తైన చోటు ఇదేనా అని చెప్పదు. రెండు హద్దులూ ఉన్న లెక్కలో నాకు నచ్చిన పద్ధతి, రెండు చివర్ల దగ్గరా, డెరివేటివ్ సున్నా అయిన చోటా, అసలు డెరివేటివ్ లేని చోటు ఏదైనా ఉంటే అక్కడా విలువలు లెక్కగట్టి పక్కపక్కన రాసి పోల్చడం. అట్టపెట్టెకి సున్నా దగ్గర సున్నా, 15 దగ్గర సున్నా, 5 దగ్గర 2000. ఇంకేం కావాలి? రూట్లున్న లెక్కల్లో సెకండ్ డెరివేటివ్ తీస్తూ కూర్చుంటే అక్కడే తప్పులు దొర్లుతాయి. హద్దు లేని లెక్కలో, మన డబ్బా లాంటిదాంట్లో, ఆర్ బాగా చిన్నదైతే ఏమవుతుంది, బాగా పెద్దదైతే ఏమవుతుంది అని చూడాలి. రెండు వైపులా రేకు ఖర్చు ఆకాశానికి పోతుంది, కాబట్టి మధ్యలో ఉన్న ఒక్క బిందువే కనిష్ఠం.

టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క లెక్క ఇచ్చి దిగిపోతాను. మీ వీధి చివర కిరాణా కొట్లో నూనె అమ్మే పెద్ద రేకు డబ్బా చూసే ఉంటారు, అడుగు చదరంగా ఉంటుంది. అడుగు భాగం చదరమై, పైనా కిందా రేకు ఉంటే లెక్క ప్రకారం అది ఘనంలా, అన్ని వైపులా సమానంగా ఉండాలి, చేసి చూసుకోండి. కానీ ఆ డబ్బా ఎత్తే ఎక్కువ ఉంటుంది. మూలలు వృథా అవుతున్నాయనడానికి ఈసారి గుండ్రటి మూతలు కూడా లేవు. మరి ఎందుకలా ఉంది? కొట్టాయన్ని అడిగి, టేపుతో కొలిచి, పైనా కిందా అంచులు ఎలా మడిచారో వేలితో తడిమి చూసి, ఆ తర్వాత ఫంక్షన్ రాయండి.